2ఏ సీటు నుంచి 3సీ సీటుకి: ఒక ఫిర్యాదులోని పనితనం

2022 సెప్టెంబరు 16న విజయవాడ నుంచి హైదరాబాదుకి ఇండిగో విమానం ఒకటి బయల్దేరింది. నంబరు 6ఈ 7297. అందులో తెలుగు తప్ప మరో భాష రాని ఒకావిడ 2ఏ సీట్లో కూర్చున్నారు. అది అత్యవసర ద్వారం పక్కన ఉండే వరుస. కాళ్ళు చాపుకోడానికి చోటు కాస్త ఎక్కువ ఉంటుంది. ఆవిడకి ఇంగ్లీషూ హిందీ రావని తెలిశాక విమాన సిబ్బంది ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపి 3సీలో కూర్చోబెట్టారు. ఆ భాషలు అర్థం కాకపోవడం భద్రతకి ఇబ్బంది అన్నారు. ఇదంతా అదే విమానంలో ఉన్న ఒక అధ్యాపకురాలు చూశారు. చూసి ఊరుకోకుండా, ఇండిగో పేరు పెట్టి, నలుగురికీ కనబడేలా ట్విట్టర్‌లో ఫిర్యాదు రాశారు. ఒకట్రెండు రోజుల్లో అప్పటి తెలంగాణ మంత్రి కె. తారక రామారావు దాన్ని అందుకుని, ఇండిగో యాజమాన్యానికి తన విన్నపం ఒకటి జోడించారు.

ఆ రెండు రాతలూ కలిపినా అరపేజీ నిండదు. అయినా ఒక సంస్థలో పనిచేసే మనిషి పదిమంది ఎదుట మరో మనిషిని చిన్నబుచ్చితే ఆ సంస్థకి ఎలా చెప్పాలో నేర్చుకోడానికి, మన తెలుగువాళ్ళ అనుభవంలో ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు. అందులో ఏ ముక్క ఎక్కడ పెట్టారు, ఏది పెట్టకుండా వదిలేశారు అన్నది తీరిగ్గా చూడదగ్గ సంగతి.

ముందుగా అంకెలున్నాయి. విమానం నంబరు, ఎక్కిన ఊరు, దిగిన ఊరు, తేదీ, లేపిన సీటు, కూర్చోబెట్టిన సీటు. ఇవన్నీ మొదట్లోనే వచ్చేశాయి. ఫిర్యాదు చేరగానే ఏ పెద్ద సంస్థ అయినా మొదట అనేది ఒక్కటే: విచారించి చెబుతాం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి విషయం అని మళ్ళీ మళ్ళీ అడిగేసరికి సగం మంది ఫిర్యాదీలు విసిగి వదిలేస్తారు. ఇక్కడ ఆ అవకాశం లేదు. తేదీ, విమానం నంబరు ఉంటే ఆ పూట డ్యూటీలో ఎవరున్నారో కంపెనీకే తెలుస్తుంది. సీట్ల నంబర్లు ఉంటే ఎవర్ని ఎక్కణ్ణుంచి ఎక్కడికి మార్చారో వాళ్ళ కాగితాల్లోనే దొరుకుతుంది. ఇక విచారించడానికి కంపెనీ తన ఇల్లు తను వెతుక్కోవడమే మిగిలింది.

అంకెలన్నీ ఇచ్చిన ఆ అధ్యాపకురాలు ఒకటి మాత్రం ఇవ్వలేదు. ఆ మాట అన్న ఉద్యోగి పేరు రాయలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పేరు రాసి ఉంటే ఆ సాయంత్రానికల్లా దేశంలో సగం మంది ఆ మనిషి మీద పడేవారు. ఇండిగో ఆ ఒక్కరి మీద చర్య తీసుకుని చేతులు దులుపుకునేది. మర్నాడు అదే విమానంలో, అదే వరుసలో, మరో ఉద్యోగి మరో తెలుగావిడతో అదే మాట అనేది. పేరు లేకపోవడం వల్ల ఫిర్యాదు గురి చెదరకుండా కంపెనీ మీదే నిలిచింది.

కోపం లేదా అంటే ఉంది. హిందీ రానివాళ్ళని సొంత రాష్ట్రంలోనే రెండో తరగతి పౌరులుగా చూస్తున్నారన్న అర్థం వచ్చే మాట చివర్లో వస్తుంది. ఆ మాట మొదట్లో ఉంటే చదివేవాళ్ళు అక్కడే రెండు పక్షాలుగా చీలిపోయేవారు. పొందూరులో నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి నలకలన్నీ తీసేస్తారు, అందుకే ఆ దారం అంత సన్నగా సాగినా తెగదు. ఈ ఫిర్యాదులో కోపం అలా దువ్విన కోపం. జరిగినదంతా చెప్పాక వచ్చింది కాబట్టి, అప్పటికే చదివేవాడికి కూడా అదే కోపం వచ్చేసి ఉంటుంది.

ఇంకో గొప్ప పని చేశారు. ఎదుటివాళ్ళు చెప్పిన కారణాన్ని దాచలేదు. అత్యవసర ద్వారం పక్కన కూర్చునేవాళ్ళకి సిబ్బంది చెప్పే సూచనలు అర్థం కావాలి, అవసరమైతే తలుపు తీయడంలో సాయపడగలగాలి. ఇది ప్రపంచంలో విమానాలు తిరిగే చోట్ల చాలావరకు ఉన్న పద్ధతే. కనుక ఆ ఉద్యోగి అన్నది గాల్లోంచి పుట్టిన సాకు కాదు. తన వాదం బలహీనపడుతుందని మరొకరైతే ఈ ముక్క మింగేసేవారు. ఈవిడ రాశారు. రాసి, దాని పక్కనే ఇంకో నిజం పెట్టారు: ఆంధ్ర నుంచి తెలంగాణకి వెళ్ళే విమానంలో తెలుగులో సూచనలు లేవు. అంతే, వాదం మొత్తం తిరగబడింది. భద్రత అంత ముఖ్యమైతే, తెలుగువాళ్ళు నిండా కూర్చునే విమానంలో ఆ భద్రత సంగతి తెలుగులో చెప్పగలిగిన మనిషి ఎందుకు లేరు? తప్పు 2ఏ సీట్లో ఉన్నావిడ దగ్గర్నుంచి లేచి వెళ్ళి కంపెనీ నియామకాల దగ్గర కూర్చుంది. ఒక్క తిట్టు లేకుండా, ఒక్క వాక్యాన్ని మరో వాక్యం పక్కన పెట్టడంతో ఇది సాధించారు. రాత తెలిసినవాళ్ళు చేసే పని ఇది.

ఫిర్యాదు రాసింది అవమానపడినావిడ కాదు, చూసినావిడ. అందువల్ల దానికి సాక్ష్యం బలం వచ్చింది. తన సీటు పోయిందని ఏడుస్తున్నారని ఎవరూ అనడానికి లేదు. సీటు పోయింది వేరొకరిది.

మా విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపు అర్జీలు చూసినవాళ్ళకి ఈ ఫిర్యాదుకి ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది. తహశీల్దారు ఆఫీసు దగ్గర రాయించుకున్నవి, సోమవారం నాడు విజయనగరం కలెక్టరేటుకి చేతిసంచీల్లో పెట్టుకుని పట్టుకెళ్ళేవి, నేను చాలా చదివాను. గారి దివ్య సముఖమునకు అని మొదలవుతాయి. తర్వాత ఎంతమంది పిల్లలు, ఇంటాయన జబ్బు, వానల్లేక పోయిన పంట, తీర్చని అప్పు. అవన్నీ నిజమే, గుండె బరువెక్కించేవే. కాని అసలు సంగతి చిట్టచివర ఒక్క ముక్కలో ఉంటుంది: గుమస్తా గారు నన్ను నలుగురిలో నానా మాటలు అన్నారు. ఏ మాటలన్నాడు? ఏ రోజు? ఆ నలుగురూ ఎవరు? ఏమీ ఉండదు. నోటితో పలకడానికే సిగ్గనిపించిన మాటని కాగితం మీద పెట్టడానికి మనవాళ్ళకి చెయ్యాడదు. ఆ మాట రాయకపోవడమే అన్నవాడికి రక్షణ అవుతుంది. అధికారి ఆ కాగితం మీద ఏదో రాసి కింది ఆఫీసుకి పంపుతాడు, కింది ఆఫీసులో అదే గుమస్తా ఉంటాడు.

మన యాసని వెక్కిరించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సినిమాల్లో అమాయకుడికీ పనివాడికీ మన మాట పెట్టి నవ్విస్తారు. ఆ నవ్వు మెల్లగా కౌంటర్ల దాకా వచ్చింది. ఊరి పేరెందుకు గాని, ఒక ఆఫీసులో మా పిన్ని వరసలో నిలబడి, "బావూ, ఇందల ఏటి రాయాల?" అని అడిగింది. కౌంటర్లో కుర్రాడు ఆ మాటని అలాగే సాగదీసి తిరిగి పలికాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. పిన్ని కాగితం మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. "ఎవులికి సెప్పుకుంతాం అమ్మా, పెద్ద ఆఫీసు కద," అంది. ఆవిడకి కావలసింది ఓదార్పు కాదు. ఆ కుర్రాడు పలికిన మాటని పలికినట్టే రాసి, తేదీ వేసి, పై ఆఫీసుకి పంపే మనిషి కావాలి.

అలాంటి పని పెద్ద ఎత్తున చేసి చూపించినవాడు ఈ నేల మీదే బతికాడు. వాడుక తెలుగు రాతకి పనికిరాదని పండితులు ఈసడిస్తున్న రోజుల్లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన గురించి ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడైన గురజాడ అప్పారావు తన అసమ్మతిని 1914లో ఇంగ్లీషులో పత్రంగా రాసి ఇచ్చాడు. చూడండి, అదీ ఒక సంస్థకి వెళ్ళిన కాగితమే. జనం నోట్లో ఉన్న భాషని చిన్నచూపు చూస్తున్నారని చెప్పడానికే వెళ్ళింది. అందులో ఆయన వేడుకోలేదు, ఎవర్నీ బూతులు తిట్టలేదు. ఉదాహరణ మీద ఉదాహరణ పేర్చుకుంటూ, ఎదుటి పక్షం చెప్పేది ఏదో ముందు పూర్తిగా చెప్పి, తర్వాత దాని పునాది లాగాడు. గెలిచింది కాదు అప్పటికి. మరుసటేడే, 1915 నవంబరు 30న, ఆయన కన్నుమూశాడు. పత్రం మాత్రం నిలిచింది. విజయనగరం వాళ్ళకి ఫిర్యాదు రాయడం చేతకాదని ఎవరూ అనకూడదు.

మళ్ళీ విమానం దగ్గరికి వస్తాను. తారక రామారావు జోడించిన విన్నపంలో చెప్పుకోదగ్గ సంగతి ఆయన ఎవరితో మాట్లాడారన్నది. ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళతో కాదు, యాజమాన్యంతో. ఇంగ్లీషు, హిందీ సరిగా రాని ప్రయాణికుల్నీ, స్థానిక భాషల్నీ గౌరవించడం మొదలుపెట్టండి అన్నారు. అక్కడితో ఆగి ఉంటే అది నీతిబోధ అయ్యేది. రాష్ట్రాల మధ్య తిరిగే ప్రాంతీయ మార్గాల్లో తెలుగు, తమిళం, కన్నడం లాంటి స్థానిక భాషలు మాట్లాడే సిబ్బందిని ఎక్కువగా తీసుకోండి, ఇద్దరికీ లాభం అని కూడా చెప్పారు. క్షమాపణ అడగలేదు, శిక్ష అడగలేదు. చేయగలిగిన పని ఒకటి అడిగారు. క్షమాపణ అడిగితే కంపెనీ ఒక వాక్యం రాసి పడేస్తుంది. మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోమంటే, తీసుకున్నారా లేదా అని వచ్చే ఏడు కూడా అడగొచ్చు. ఒక అధ్యాపకురాలు కళ్ళారా చూసిందాన్ని ఒక మంత్రి ఇలా విధానంగా మలిచారు. ఆ అతుకు ఎక్కడా కనబడదు.

దీని పక్కన 2021 అక్టోబరులో తమిళనాడులో జరిగింది పెట్టి చూస్తే పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. జొమాటోలో భోజనం తెప్పించుకున్న ఒకాయనకి ఒక పదార్థం తక్కువ వచ్చింది. డబ్బు వెనక్కి అడిగితే, భాష అడ్డొచ్చి పని కావడం లేదని కస్టమర్ కేర్ ఉద్యోగి అన్నారు. తమిళనాడులో వ్యాపారం చేస్తున్నప్పుడు భాష తెలిసినవాళ్ళని పెట్టుకోవాలి కదా అన్నాడాయన. దానికి జవాబుగా, హిందీ మన జాతీయ భాష, అందరికీ కొంచెమైనా వచ్చి ఉండాలి అన్న మాట వచ్చింది. రాజ్యాంగంలో జాతీయ భాష అనేదే లేదు. 343వ అధికరణం హిందీని కేంద్ర ప్రభుత్వానికి అధికార భాష అంటుంది, అంతే. ఆయన ఆ సంభాషణని ఉన్నదున్నట్టు నలుగురి ముందూ పెట్టాడు. అన్న మాటని అన్నట్టే చూపడం వరకు అది బలమైన ఫిర్యాదు. కాని ఆ బలమంతా ముందుగా పోయి ఒక్క మనిషికి తగిలింది. జొమాటో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ క్షమాపణ చెప్పి, ఆ ఉద్యోగిని తీసేశామంది. కొన్ని గంటలు తిరక్కుండానే కంపెనీ అప్పటి అధిపతి దీపిందర్ గోయల్ ఆమెను మళ్ళీ తీసుకుంటున్నామన్నాడు. కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళు అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన చిన్నవాళ్ళనీ, తెలియక చేసిన పొరపాటు దేశమంతా గొడవైందనీ చెప్పాడు.

తీసేయడం తొందరపాటు, మళ్ళీ పిలవడం న్యాయం అని నా అభిప్రాయం. తన ఇంట్లో నేర్పని సంగతి తెలియలేదని ఆ పిల్లని వీధిలోకి తోసి కంపెనీ తను తప్పుకోబోయింది. ఆ క్షమాపణలో పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది: కోయంబత్తూరులో తమిళంలో మాట్లాడే సహాయ కేంద్రం పెడుతున్నామన్నది. ఇండిగో ఫిర్యాదు మొదటి రోజు నుంచీ సూటిగా వెళ్ళింది అలాంటి జవాబు కోసమే.

ఉద్యోగి మీద ఫిర్యాదు చేస్తే సంస్థ మారడం పాత సంగతే. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకి రాసిన ఉత్తరం ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. తను దొడ్డికెళ్ళి వచ్చేలోగా గార్డు రైలు వదిలేశాడనీ, జనం చూస్తుండగా తను ప్లాట్‌ఫారం మీద పడ్డాననీ, గార్డుకి పెద్ద జరిమానా వేయమనీ రాశాడు. ఇంగ్లీషు వంకరటింకరగా ఉందని వందేళ్ళుగా దాన్ని నవ్వుతూ చదువుతున్నారు. నాకు నవ్వు రాదు. స్టేషన్ పేరు, జరిగిన క్రమం, అడిగింది, అది జరక్కపోతే పేపర్లకి రాస్తానన్న హెచ్చరిక, అన్నీ అందులో ఉన్నాయి. కింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమంటారు.

అన్నిసార్లూ మనిషిని వదిలేసి సంస్థనే పట్టుకోవాలని నేననడం లేదు. అన్నవాడి చేతిలో అధికారం ఉన్నప్పుడు, అన్న మాట ఒక ప్రాణానికి విలువ కట్టినప్పుడు లెక్క మారిపోతుంది. ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి, 23 ఏళ్ళు, సియాటిల్‌లో ఎమ్మెస్ చదువుతూ 2023 జనవరి 23న రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. గంటకి 25 మైళ్ళ హద్దున్న చోట ఆ కారు 74 మైళ్ళ దాకా వెళ్ళింది. తర్వాత డేనియల్ ఆడరర్ అనే మరో అధికారి, అక్కడి పోలీసు సంఘం ఉపాధ్యక్షుడు, ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. ఆమె విలువ అంతంతమాత్రమే, పదకొండు వేల డాలర్లకి చెక్కు రాసిస్తే సరి అన్నాడు. ఆమె వయసు కూడా తప్పు చెప్పాడు. ఒంటికున్న కెమెరా ఆగలేదు, అన్నీ రికార్డయ్యాయి.

ఆ మాటలు ఎలా బయటపడ్డాయన్నది మన విషయానికి ముఖ్యం. అదే పోలీసు శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి మామూలుగా చేసే పనిలో భాగంగా ఆ వీడియో విన్నారు. విని, ఇది తన బాధ్యత కాదని ముందుకు జరపకుండా పైఅధికారులకి చెప్పారు. వాళ్ళు దాన్ని పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే కార్యాలయానికి పంపారు. ఆ ఉద్యోగి పేరు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. సొంత ఇంటివాళ్ళ మీద, ఎవరూ అడక్కుండా, సరైన దారిలో చేసిన ఆ ఫిర్యాదు ముందు నేను తలవంచుతాను. ఆ తర్వాత తను అన్నది నగరం తరఫు వకీళ్ళు మాట్లాడే తీరుని ఎగతాళి చేస్తూ అన్నానని ఆడరర్ చెప్పుకున్నాడు. అదీ విన్నారు. జీతం లేకుండా 270 రోజులు పక్కన పెడితే చాలని కింది అధికారులు సిఫారసు చేశారు. 2024 జులై 17న అప్పటి తాత్కాలిక చీఫ్ స్యూ రార్ అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. అతని ఉద్దేశం ఏదైనా, ఆ మాట వల్ల కుటుంబానికి కలిగిన బాధ అంతకంటే పెద్దదన్నారు.

ఇక ఆ కుటుంబం వేసిన దావాలో ఒక అంకె ఉంది. 11 కోట్ల డాలర్ల పరిహారం అడిగి, దానికి పైన విడిగా మరో 11,000 డాలర్లు కలిపారు. ఎందుకని ఎవరూ వివరించక్కర్లేదు. అన్నవాడి నోట్లోంచి వచ్చిన అంకెని అలాగే తీసుకెళ్ళి న్యాయస్థానం బల్ల మీద పెట్టారు. పేజీలకి పేజీలు రాసినా రాని బరువు ఆ ఒక్క అంకెకి వచ్చింది. విమానం ఫిర్యాదులో 2ఏ, 3సీ చేసిన పనినే ఇక్కడ 11,000 చేసింది.

ఇంత మెచ్చుకున్నాక, ఇండిగో ఫిర్యాదులో ఒక వెలితి కూడా చెప్పాలి. 3సీకి మారినావిడ మాట అందులో లేదు. లేచేటప్పుడు ఆవిడ ఏమన్నారు, ఏం అర్థమైంది, అసలు ఎందుకు లేపుతున్నారో ఆవిడకి తెలుగులో ఎవరైనా చెప్పారా అన్నది చదివేవాడికి తెలియదు. రాసినావిడని నిందించడానికి లేదు, చూసిందే రాశారు. ఆ లోటు పూరించగలిగింది మనమే.

 మన జిల్లాలో బొండపల్లి నుంచో మెంటాడ నుంచో ఒక పెద్దావిడ హైదరాబాదులో కొడుకు దగ్గరికి విమానంలో వెళ్తుందనుకోండి. ఆవిడతో ఎవరైనా అలాంటి మాట అంటే, ఇంటికొచ్చాక గజపతినగరంలో ఇంటర్ చదివే మనవరాలు పక్కన కూర్చుని రాయాలి. దివ్య సముఖాలు అక్కర్లేదు. విమానం నంబరు, తేదీ, సీటు, సిబ్బంది అన్న మాట అన్నట్టుగా, మామ్మ ఇచ్చిన జవాబు మామ్మ యాసలోనే. ఏ మార్గంలో తెలుగు వచ్చిన సిబ్బంది కావాలో ఒక వాక్యం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంటుంది కాబట్టి బోర్డింగ్ పాసు పారేయకూడదు. కాగితం తెలుగులోనే పంపి, జవాబు తెలుగులోనే ఇవ్వమని చివర్న అడగాలి.